తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

(ఎస్సీ సర్పంచులు, వార్డు మెంబర్ల శిక్షణ సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



కూలి మానుకుని వచ్చి పొద్దుట్నించీ కూర్చున్న అక్కలకూ, అన్నలకూ, మెంబర్లుగా గెలిచి కూడా పంచాయతీ ఆఫీసులో ఇంకా నిలబడే మాట్లాడుతున్న మా తమ్ముళ్లకూ దండాలు.

తుఫాను వస్తే పంచాయతీ ఏం చెయ్యాలో చెప్పమని మమ్మల్ని పిలిచారు. పొద్దున వచ్చిన అధికారి గారు సర్క్యులర్లన్నీ చదివి వినిపించి వెళ్లారు. మేం మళ్లీ అవే చదివితే మీకు నిద్రొస్తుంది. అయినా తుఫాను సంగతి మీకొకరు చెప్పాలా? గోదారి ఒడ్డున పుట్టి, ఉప్పెనల మధ్య పెరిగినోళ్లం. అంచేత ఇవాళ చాలా దూరపు సంగతి ఒకటి చెప్పదల్చుకున్నాం.

2005లో అమెరికాలో న్యూ ఆర్లియన్స్ అనే పట్నం మునిగింది. దానికి సుమారు 350 మైళ్ల దూరంలో, వేరే రాష్ట్రంలో, హ్యూస్టన్ అనే పట్నం ఉంది. ఆ తుఫాను హ్యూస్టన్‌ని తాకలేదు. కానీ ఆ ముంపు జనం లక్షన్నరకు పైగా ఆ ఊరికొచ్చి చేరారు. అప్పుడు అక్కడి మేయరూ, అక్కడి జిల్లా పాలకమండలీ ఏం చేశారు, ఎంతవరకు చేశారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది మన మెంబర్లు వినాలి.

"అమెరికా ఊసు మనకెందుకు మాస్టారూ?" అని వెనకనుంచి ఎవరో అంటున్నారు. సబబైన ప్రశ్నే. ఆ మునిగినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. బానిసలుగా తెచ్చి పొలాల్లో పని చేయించుకున్నవాళ్ల పిల్లలు. 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు తమ సంఘానికి పేరు పెట్టుకున్నది ఆ నల్లవాళ్ల సంఘాన్ని చూసే. ఆ చుట్టరికం చాలదా?

ఇంకో కారణం మా సొంతది. 1996 నవంబరు 6 రాత్రి. కోనసీమ తుఫాను మీకందరికీ గుర్తే. మేం అప్పుడు ఇంటర్‌లో చేరాం. మా పేటలో అన్నీ తాటాకిళ్లు. ఒక్కొక్కటే లేచిపోతుంటే మా నాయన చెల్లెల్ని భుజానేసుకుని బడి దగ్గరికి పరిగెత్తాడు. వెనకాలే మేమూ, మా అమ్మా, పేటంతా. ఊళ్లో పక్కా కట్టడం అదొక్కటే. బడికి తాళం. తాళంచెవి ఊళ్లో ఒక పెద్దమనిషి ఇంట్లో ఉంది. ఆ హోరులో పోయి అడిగొచ్చినోడికి "పొద్దున్న చూద్దాం" అని జవాబు. తెల్లవార్లూ వరండాలో గోడకంటుకుని నిలబడ్డాం. ముసలోళ్లని మధ్యలో పెట్టి చుట్టూ మేం నిలబడ్డాం. తెల్లారాక తలుపు తీశారు. ఎందుకో తెలుసా? ఊళ్లోవాళ్ల తడిసిన ధాన్యం బస్తాలు పెట్టుకోడానికి.

ఆ బడి ఎవరిది? సర్కారుది. మన పన్నులూ, మన చెమటా అందులో ఉన్నాయి. తాళంచెవి మాత్రం ఒక ఇంట్లో ఉంది. సాయం గురించి ఎవరు ఎన్ని మాటలు చెప్పినా మాకు ముందు గుర్తొచ్చేది ఆ తాళమే. ఆ తాళం దగ్గర్నించే ఈ అమెరికా కథ చెబుతాం.

న్యూ ఆర్లియన్స్ మిసిసిపీ నది ఒడ్డున ఉంది. ఊళ్లో చాలా భాగం సముద్ర మట్టం కన్నా కింద ఉంటుంది. చట్టిలో కూర్చున్నట్టు ఊరు, చుట్టూ గట్లు. మన ఏటిగట్లలాంటివే, కాకపోతే సిమెంటు గోడలు కూడా కట్టారు. 2005 ఆగస్టు 29న కత్రీనా తుఫాను వచ్చింది. గోడలు విరిగాయి. ఊళ్లో నూటికి 80 పాళ్లు నీళ్లపాలైంది. ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోండి. కొన్ని గోడల మీదుగా నీళ్లు పొర్లక ముందే, తట్టుకోవాల్సిన నీటిమట్టానికే అవి కూలిపోయాయి. వాటిని కట్టించిన సైనిక ఇంజినీర్ల శాఖ 2006లో తమ లోపం ఒప్పుకుంది. గాలీ వానా ప్రకృతిది. గోడ మనుషులది.

ఊరు ఖాళీ చెయ్యమని మేయరు ఉత్తర్వు ఇచ్చింది ఆదివారం, అంటే తుఫానుకి ముందురోజు. కార్లున్నవాళ్లు పోయారు. ఆ ఊళ్లో సుమారు నాలుగిళ్లలో ఒక ఇంటికి కారు లేదు. పైగా నెలాఖరు, చేతిలో డబ్బుల్లేవు. ఊరి జనాభా 4 లక్షల 85 వేలు, వాళ్లలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు నల్లవాళ్లు. కారు లేని ఇళ్లు ఎవరివో మేం చెప్పాలా? బడి బస్సులు వందలకొద్దీ ఉండి కూడా కదల్లేదు. వరుసగా నీళ్లల్లో మునిగి ఉన్న ఆ పసుపు బస్సుల ఫోటో లోకమంతా చూసింది. మిగిలినవాళ్లు సూపర్‌డోమ్ అనే ఆటల మైదానంలోనూ, కన్వెన్షన్ సెంటర్‌లోనూ వేలకు వేలు చేరారు. తిండి లేదు, నీళ్లు లేవు, మరుగుదొడ్లు పొంగిపోయాయి. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో రోజుల తరబడి బస్సు రాలేదు. చచ్చినవాళ్లు 1,800 పైచిలుకు అని చాలాకాలం చెప్పేవారు. 2023లో అక్కడి తుఫాను కేంద్రం లెక్క సరిచేసి 1,392 అంది. ఈ లెక్కలో తుఫాను తాకిన మిగతా చోట్ల పోయినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు రెండు స్థానిక ప్రభుత్వాల కథ.

మొదటిది పక్క ఊరు. న్యూ ఆర్లియన్స్‌కి ఏటి అవతల గ్రెట్నా అని చిన్న పట్నం. అక్కడ తెల్లవాళ్లు ఎక్కువ. మధ్యలో వంతెన. సెప్టెంబరు 1న, కన్వెన్షన్ సెంటర్ దగ్గర నీళ్లు కూడా దొరకనివాళ్లు గుంపుగా పిల్లాపాపలతో ఆ వంతెన ఎక్కి నడుచుకుంటూ పోయారు. గ్రెట్నా పోలీసులు తుపాకులతో అడ్డం నిలబడ్డారు. వాళ్ల తలల మీదుగా కాల్పులు జరిపి వెనక్కి తోలారు. మా దగ్గర తిండి లేదు, వసతి లేదు, అంతకుముందే వేలమందిని బస్సుల్లో పంపించాం అని వాళ్ల వాదన. అది కూడా చెప్పడం న్యాయం. కానీ తిండి లేనివాడు చేతులు జోడిస్తాడు, తుపాకి పేల్చడు కదా! తర్వాత ఆ ఊరి కౌన్సిల్ సమావేశమై, మా పోలీసు అధికారి చేసింది రైటే అని తీర్మానం చేసింది. తీర్మానం అండీ! మన పంచాయతీలో చేసినట్టే, చేతులెత్తి.

రెండోది 350 మైళ్ల అవతలి హ్యూస్టన్. ఆగస్టు 31 తెల్లవారుజామున లూసియానా రాష్ట్రం నుంచి టెక్సాస్ రాష్ట్రానికి ఫోన్లు నడిచాయి, సూపర్‌డోమ్‌లో ఉన్నవాళ్లని మీరు తీసుకుంటారా అని. హ్యూస్టన్ ఊరు హారిస్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా పరిషత్తు లాంటిది అనుకోండి. దాని పెద్దని 'కౌంటీ జడ్జి' అంటారు. పేరుకు జడ్జి గానీ ఆయన ప్రధానమైన పని పాలన, జనం ఓట్లతో గెలిచి వస్తాడు. అప్పుడు రాబర్ట్ ఎకెల్స్ అనే ఆయన ఉన్నాడు. ఊరికి మేయరు బిల్ వైట్. ఒకరిది రిపబ్లికన్ పార్టీ, ఇంకొకరిది డెమోక్రటిక్ పార్టీ. ఇద్దరూ కలిసే పనిచేశారు. మన దగ్గర సర్పంచి ఒక పార్టీ, ఎంపీటీసీ ఇంకో పార్టీ అయితే బోరింగు హ్యాండిలు కూడా వెయ్యనివ్వరు!

కౌంటీకి ఆస్ట్రోడోమ్ అనే పాత ఆటల మైదానం ఉంది. 1965లో కట్టారు. పైకప్పుతో కట్టిన అలాంటి పెద్ద మైదానం లోకంలో అదే మొదటిది. ప్రజల ఆస్తి. దాన్ని తెరిచారు. అందులో ముందే ఒప్పుకున్న కార్యక్రమాలన్నీ పక్కన పెట్టారు.

మొదట వచ్చిన బస్సు సర్కారు పంపింది కాదు. న్యూ ఆర్లియన్స్ కుర్రాడొకడు నిండా ఇరవై ఏళ్లుంటాయో లేవో, వదిలేసిన బడి బస్సొకటి తీసుకుని, దారిలో కనిపించినవాళ్లనల్లా ఎక్కించుకుని నడుపుకొచ్చాడు. గేటు దగ్గర ఆపారు. "ఇది సూపర్‌డోమ్ నుంచి వచ్చేవాళ్లకి, మీరు ఆ జాబితాలో లేరు" అన్నారు. చూశారా, జాబితా ఎక్కడున్నా జాబితాయే. కాసేపటికి మనసు మార్చుకుని లోపలికి వదిలారు. సర్కారు బస్సులన్నిటికంటే ముందు చేరింది ఆ కుర్రాడి బస్సే. రెండో రోజు రాత్రికి డోమ్ నిండిందని, అగ్ని ప్రమాద నిబంధన ఒప్పుకోదని తలుపులు మూశారు. అప్పుడు పక్కనున్న ఇంకో రెండు భవనాలు, ఆ తర్వాత ఊరి నడిమధ్య కన్వెన్షన్ సెంటర్ తెరిచారు. అప్పటికి అక్కడ ఒక్క ఆస్ట్రోడోమ్ ఆవరణలోనే పాతిక వేల పైచిలుకు జనం.

మంచాలు, తువాళ్లు, స్నానాల గదులు, అన్నం, ఇవన్నీ మన తుఫాను షెల్టర్లలోనూ అంతో ఇంతో ఉంటాయి. మాకు నచ్చింది వేరే. కౌంటీ ఆసుపత్రి వ్యవస్థ ఆ ఆవరణలోనే ఒక ఆసుపత్రి నిలబెట్టింది. రోజుల్లో వేలమందిని చూసింది. షుగరు మందు నీళ్లలో కొట్టుకుపోయిన ముసలమ్మకి చీటీ అడగకుండా మందిచ్చారు. తపాలా శాఖ ఆ ఆస్ట్రోడోమ్‌కి ప్రత్యేకంగా ఒక పిన్‌కోడు ఇచ్చింది, 77230. ఏంటి ఇందులో గొప్ప అంటారా? అడ్రసు లేనివాడికి చెక్కు రాదు, ఉత్తరం రాదు, ఉద్యోగం రాదు. మంచం వేసిన చోటికే అడ్రసు ఇవ్వడం చిన్న పని కాదు. మన పేటల్లో యాభై ఏళ్లుగా ఉంటున్న ఇళ్లకి ఇప్పటికీ డోరు నంబర్లు లేవు.

బడి పంతుళ్లం కనుక బడి సంగతి కొంచెం ఎక్కువ చెబుతాం, ఏమీ అనుకోకండి. టెక్సాస్ బళ్లలో ఆ ముంపు పిల్లలు వేలకొద్దీ చేరారు. టీసీ లేదు, మార్కుల కాగితం లేదు, టీకాల కార్డు లేదు. అమెరికాలో 1987 నుంచీ ఒక చట్టం ఉంది. ఇల్లు లేని పిల్లవాడు బడికొస్తే, కాగితాలు లేకపోయినా ఆలస్యం చెయ్యకుండా చేర్చుకోవాలి, కాగితాలు తర్వాత తెప్పించుకోవాలి. ఆ చట్టం ఆ రోజు అక్కరకొచ్చింది. మనకీ ఉంది చట్టం. 2009 విద్యాహక్కు చట్టంలో అయిదో సెక్షను టీసీ ఆలస్యమైందని పిల్లవాణ్ణి ఆపకూడదంటుంది. పద్నాలుగో సెక్షను వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం కుదరదంటుంది. ఇటుకబట్టీల మీదకి వలసొచ్చిన పిల్లల్ని మా సాటి పంతుళ్లే "కాగితం తెచ్చుకో" అని తిప్పి పంపడం మేం కళ్లారా చూశాం. చట్టం పుస్తకంలో ఉంది. మెంబరు బడికెళ్లి "అయిదో సెక్షను ఏమంటుంది మాస్టారూ?" అని అడిగిన రోజున అది పుస్తకంలోంచి బయటికొస్తుంది.

ఇక ఇళ్లు. పెద్ద హాల్లో మంచాల మీద మనుషులు ఎన్నాళ్లుంటారు? మూడు వారాలు తిరక్కుండా ఆస్ట్రోడోమ్ ఖాళీ అయింది. మేయరు పట్టుబట్టి ఊళ్లో ఖాళీగా ఉన్న అపార్టుమెంట్లు వెతికించాడు. ఊరి ప్రభుత్వమే పూచీ పడి, ఏడాది ఒప్పందం మీద అద్దె చీటీలు ఇచ్చింది. సుమారు 35 వేల ఇళ్లు, లక్ష మంది జనం. డబ్బు కేంద్రం తిరిగి ఇవ్వాలి. కేంద్రంలో ఆ పని చూసే శాఖని ఫెమా అంటారు. ఇల్లు ముందు, బిల్లు తర్వాత అని ఊరు తెగించింది. మన దగ్గర బడ్జెట్ రాలేదని తాగేనీళ్ల ట్యాంకరు కూడా ఆపుతారు. ఈ పనికి మేయరు వైట్‌కి 2007లో కెన్నడీ పేరిట ఇచ్చే ధైర్య పురస్కారం ఇచ్చారు.

ఫెమా ఏం చేసింది? రెండు నెలలు గడిచాయో లేదో నిబంధనలు మార్చడం మొదలెట్టింది. ఏడాది ఒప్పందాలు కుదరవంది, హోటళ్లలో ఉన్నవాళ్లకి గడువు పెట్టింది, తర్వాత వేలమందిని అనర్హులంది. ఎందుకు అనర్హులో చెప్పే ఉత్తరాల్లో సంకేతాలే తప్ప అర్థమయ్యే మాట లేదు. పేదల సంఘం ఒకటి కోర్టుకెళ్లింది. 2006 నవంబరులో ఫెడరల్ జడ్జి ఆ ఉత్తరాలు మనిషికి అర్థమయ్యేలా లేవని తప్పుపట్టి, ఆపిన సాయం తిరిగి ఇమ్మన్నాడు. గెలిచింది ఎవరి దయ వల్లనో కాదు, ముంపు జనం తమకు తాము సంఘం కట్టుకోబట్టి.

ఇదంతా విని మీరు హ్యూస్టన్‌కి దండ వెయ్యడానికి లేవొద్దు. రెండో పేజీ కూడా ఉంది.

ఆస్ట్రోడోమ్‌లో జనానికి కబుర్లు తెలియడం లేదు. ఏ బల్ల దగ్గర ఏం ఇస్తున్నారో, తప్పిపోయిన బిడ్డ ఎక్కడుందో తెలియదు. అట్టముక్కల మీద పేర్లు రాసి పట్టుకుని తిరిగారు. కొందరు కార్యకర్తలు చిన్న రేడియో స్టేషన్ పెడతాం, ముంపు జనమే అందులో మాట్లాడతారు అన్నారు. కేంద్రం లైసెన్సు ఇచ్చింది. కౌంటీ అధికారులు మాత్రం లోపల పెట్టనివ్వలేదు. ముందు పదివేల రేడియోలు తెమ్మన్నారు, తర్వాత కరెంటు కుదరదన్నారు. చివరికి బయట పార్కింగ్ స్థలంలో ఒక బండిలోంచి నడిపారు. అన్నం పెడతాం, నోరు మాత్రం తెరవొద్దు! ఈ బాపతు సాయం మనకి తెలియంది కాదు. హాస్టళ్లలో చదువుకున్నవాళ్లని అడగండి.

సెప్టెంబరు 5న అమెరికా అధ్యక్షుడి తల్లి, మాజీ అధ్యక్షుడి భార్య, ఆస్ట్రోడోమ్ చూడ్డానికి వచ్చింది. వీళ్లు ఎలాగూ పేదవాళ్లే కదా, కాబట్టి ఇది వీళ్లకి బాగానే కుదిరింది అన్న అర్థం వచ్చేలా రేడియోలో మాట్లాడింది. ఇల్లు మునిగి, తల్లి శవం ఎక్కడుందో తెలియని మనిషిని చూసి అనే మాటా ఇది! "వాళ్లకి అలవాటేలెండి" అని మన గురించి కూడా అంటారు. నేల మీద పడుకోవడం అలవాటే, గంజి తాగడం అలవాటే.

పత్రికలు వాళ్లని 'కాందిశీకులు' అని రాస్తే నల్లజాతి నాయకులు ఎదురు తిరిగారు. జెస్సీ జాక్సన్ లాంటివాళ్లు, మేం పరాయి దేశం నుంచి రాలేదు, ఈ దేశ పౌరులం, పన్నులు కట్టినవాళ్లం అన్నారు. మాటలో ఏముంది అనుకోవద్దు. కాందిశీకుడికి దానం చేస్తారు. పౌరుడికి బాకీ తీర్చాలి.

నాలుగు నెలలు గడిచేసరికి హ్యూస్టన్‌లోనూ గొణుగుడు మొదలైంది. దొంగతనాలు పెరిగితే వీళ్లే, హత్యలు పెరిగితే వీళ్లే, బళ్లో కొట్లాటలైతే వీళ్లే. మొదటి వారం దుప్పట్లు తెచ్చిన చేతులే తర్వాత వేలు చూపించాయి. ఆ ఊరి విశ్వవిద్యాలయం ఏటా చేసే సర్వేలోనూ ఈ విసుగు కనిపించింది. మనుషుల జాలికి అంతే ఆయుష్షు. అందుకే ఒప్పందం, చట్టం, తీర్మానం అని మేం మొత్తుకునేది. జాలి చల్లారినా కాగితం మిగులుతుంది.

అసలు దెబ్బ సొంత ఊళ్లో తగిలింది. దూరపు ప్రభుత్వం చోటిస్తే సొంత ప్రభుత్వాలు తలుపు మూశాయి. న్యూ ఆర్లియన్స్ పక్కన సెయింట్ బెర్నార్డ్ అనే పాలక ప్రాంతం ఉంది. అక్కడ ఇళ్ల యజమానులు దాదాపు అందరూ తెల్లవాళ్లు. 2006లో అక్కడి కౌన్సిల్ ఒక కట్టుబాటు చేసింది. ఇల్లు అద్దెకివ్వాలంటే రక్తసంబంధీకులకే ఇవ్వాలట, లేదంటే కౌన్సిల్ అనుమతి తెచ్చుకోవాలట. నల్లవాళ్లకి ఇవ్వొద్దని ఒక్క అక్షరం కూడా రాయలేదు. రాయాల్సిన పనేముంది? మన పట్నాల్లో "వెజిటేరియన్లకు మాత్రమే" అని బోర్డు పెడతారు చూడండి, అదే తెలివి. కోర్టుకెళ్తే గానీ అది పోలేదు.

2007 డిసెంబరు 20న న్యూ ఆర్లియన్స్ నగర కౌన్సిల్, పేదల కోసం సర్కారు కట్టిన ఇళ్లు సుమారు 4,500 కూల్చడానికి ఏకగ్రీవంగా ఓటేసింది. వాటిలో చాలా ఇళ్లు శుభ్రం చేస్తే ఉండదగినవే అని అక్కడివాళ్లు మొత్తుకున్నారు. లోపల ఓటింగు, బయట గేటు దగ్గర జనం మీద పోలీసులు మిరియపు మందు చల్లారు, కరెంటు తుపాకులు వాడారు. ఆ ఇళ్లలో అద్దెకున్నవాళ్లు చాలామంది అప్పటికి హ్యూస్టన్‌లో, అట్లాంటాలో ఉన్నారు. వాళ్లు లేనప్పుడు వాళ్ల ఇళ్ల మీద ఓటు.

సొంత ఇళ్లున్నవాళ్లకి నష్టపరిహారం ఎలా లెక్కగట్టారో వినండి. తుఫానుకి ముందు ఇంటి ధర, తిరిగి కట్టడానికయ్యే ఖర్చు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీద లెక్క. ఒకే కొలత ఇల్లు, ఒకే ఇటుక, ఒకే సిమెంటు. తెల్లవాళ్ల పేటలో దాని ధర ఎక్కువ, నల్లవాళ్ల పేటలో తక్కువ. తిరిగి కట్టడానికి మాత్రం ఇద్దరికీ అంతే ఖర్చు. ఫలితం? నల్లవాడికి సగంలో ఆగిన గోడలు. 2008లో దావా వేశారు. 2011లో 6 కోట్ల 20 లక్షల డాలర్లకి రాజీ అయింది. మన పేటలో గజం ధర ఎంత, ఊళ్లో గజం ధర ఎంత? ఎందుకని? ఆ తేడా కులం పెట్టిన ధర. రేపు ఏ రోడ్డుకో ప్రాజెక్టుకో మన ఇల్లు పోతే రిజిస్ట్రారు ఆఫీసు ధర మీద లెక్క అంటారు. అప్పుడు ఈ మాట తలుచుకోండి.

ఓటు సంగతి. 2006 ఏప్రిల్, మే నెలల్లో న్యూ ఆర్లియన్స్ మేయరు ఎన్నిక. సగం ఊరు బయట చెల్లాచెదురుగా ఉంది. హ్యూస్టన్‌లో, అట్లాంటాలో పోలింగు కేంద్రాలు పెట్టండని అడిగారు. రాష్ట్రం సరిహద్దు దాటి పెట్టబోమన్నారు, కోర్టూ కాదంది. మా సొంత రాష్ట్రంలోనే వేరే ఊళ్లలో పెడతాం, లేదా పోస్టులో వెయ్యండి అన్నారు. అంతకుముందు ఏడాదే, 2005 జనవరిలో, ఇరాక్ ఎన్నికకి ఓటెయ్యడానికి అమెరికాలో ఉన్న ఇరాకీలకి అమెరికా నగరాల్లోనే పోలింగు కేంద్రాలు పెట్టారు. నల్లజాతి నాయకులు అదే నిలదీశారు. జవాబు రాలేదు. హ్యూస్టన్ నుంచి జనం బస్సులు కట్టించుకుని, రాష్ట్ర సరిహద్దు దాటి లూసియానాలో వేరే ఊరికెళ్లి ఓటేసి వచ్చారు. ఒక్క ఓటు కోసం రోజంతా ప్రయాణం. వెయ్యి రూపాయలకి ఓటమ్ముకునే తమ్ముళ్లు ఇక్కడ ఉంటే కోపం తెచ్చుకోకండి, కానీ వినండి.

2010 జనాభా లెక్కల్లో న్యూ ఆర్లియన్స్‌లో నల్లవాళ్లు 2000 నాటికన్నా లక్షకు పైగా తగ్గారు. వాళ్లలో చాలామంది హ్యూస్టన్‌లోనే ఉండిపోయారు.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో మనవాళ్లు ప్రాణాలరచేతిలో పెట్టుకుని పక్క పట్నాలకి పరిగెత్తినప్పుడు శిబిరాలు ఎలా నడిచాయో ఇక్కడున్న పెద్దలకి తెలుసు. చీరాలా, తెనాలీ ఆ జనానికి నీడనిచ్చాయి. అది ప్రకృతి ప్రళయం కాదు, కులం ప్రళయం. అయినా శిబిరంలో బతకడం ఎలా ఉంటుందో మనకి అక్కడే తెలిసింది. 2004 డిసెంబరు 26 సునామీలో తమిళనాడు తీరాన దళితుల్ని సహాయ శిబిరాల్లోంచి తోసేశారని, మత్స్యకారులకే నష్టం అని జాబితాల్లో రాయకుండా వదిలేశారని హక్కుల సంఘాలు రాశాయి. కూలి పోయినవాడిది నష్టం కాదట! పడవ ఉన్నవాడికి పడవ లెక్క, పడవ మీద కూలికెళ్లేవాడికి ఏ లెక్కా లేదు.

2020 మార్చిలో ఏం జరిగింది? మన తెలుగు ఊళ్లలోనే ముళ్లకంపలు అడ్డం వేసుకున్నారు. పట్నం నుంచి నడిచి వస్తున్న సొంత ఊరి కూలివాణ్ణి పొలిమేరలో ఆపారు. గ్రెట్నా వంతెన ఎక్కడో లేదు. ఆ కంపలు నరికి వేసిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. ఈ మాట చెప్పకపోతే మా మనసు ఒప్పుకోదు. అప్పుడు కొందరు సర్పంచులు బడి గదులు తెరిచి, నీళ్లు పెట్టి, పద్నాలుగు రోజులు కనిపెట్టుకున్నారు. వాళ్లూ పంచాయతీలే, వీళ్లూ పంచాయతీలే.

1992లో 73వ సవరణ వచ్చి పంచాయతీకి రాజ్యాంగంలో చోటు వచ్చింది, మన సీట్లు మనకి వచ్చాయి. ఆ సీట్లో కూర్చున్నవాళ్లు ఇవాళ ఇక్కడున్నారు. ఒడిశా నుంచో, ఛత్తీస్‌గఢ్ నుంచో, కరువు సీమ నుంచో బతకడానికొచ్చిన కుటుంబం రేపు మీ ఊరి చివర గుడారం వేస్తుంది. ఆ ఊరెందుకు వదిలారో వాళ్లని ఎవరూ అడగరు. మీరు అడగండి. వాళ్ల రేషన్ కార్డు ఇక్కడ కూడా చెల్లుతుంది, 2022 నాటికి దేశంలో అన్ని రాష్ట్రాల్లోనూ ఆ పద్ధతి వచ్చింది. డీలరు లేదంటే డీలర్ని అడగండి. పిల్లల్ని బడికి పట్టుకెళ్లండి. సాయం జాబితా ఏది రాసినా మన పేటలో, నలుగురి ముందు, గట్టిగా చదివించండి. ఎవరింటి అరుగు మీదో రాసిన జాబితాలో మన పేర్లు ఉండవని మీకు చెప్పక్కర్లేదు.

హ్యూస్టన్‌కి కూడా వంతు వచ్చింది. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను ఆ ఊరిని ముంచింది. మళ్లీ అదే కన్వెన్షన్ సెంటర్ తెరిచారు. ఈసారి మంచాల మీద పడుకున్నది ఆ ఊరివాళ్లే, పదివేల మంది దాకా. వాళ్లలో పన్నెండేళ్ల కిందట న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చి స్థిరపడి, రెండోసారి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

టీ వచ్చినట్టుంది, ఆపేస్తాం. టీ తాగుతూ ఒక పని చెయ్యండి. బల్ల మీద తెల్లకాగితాలు పెట్టించాం. మీ ఊళ్లో బడి తాళంచెవి, కమ్యూనిటీ హాలు తాళంచెవి, తుఫాను షెల్టరు ఉంటే దాని తాళంచెవి ఎవరింట్లో ఉన్నాయో పేరుతో సహా రాసివ్వండి. తెలియకపోతే తెలియదనే రాయండి. మేం ఇప్పుడు పనిచేస్తున్న బడికి రెండు తాళంచెవులు చేయించాం. ఒకటి మా దగ్గరుంటుంది, రెండోది పేటలో మంత్రసాని అక్క దగ్గరుంటుంది. రాత్రిపూట మెలకువగా ఉండేది ఆవిడొక్కతే.

జై భీమ్.